ఆరు నిమిషాలా, పందొమ్మిదా

ఆంబులెన్సు కోసం ఫోను చేస్తే మొదట పలికేది మేమే. పొడవాటి హాలు, వరుసకు ఆరు చొప్పున పన్నెండు కుర్చీలు, ఒక్కో బల్ల మీద రెండు తెరలు. కిటికీలు ఉన్నాయి కానీ తెరల మీద వెలుగు పడుతుందని పరదాలు ఎప్పుడూ దించే ఉంటాయి. నా కుర్చీకి ఎడమ పక్క కుర్చీ అక్కది. వరసకు ఆమె నాకేమీ కాదు. నాకంటే ఏడేళ్లు పెద్ద, కొత్తలో పని నేర్పింది, అందుకని అక్క. పదకొండేళ్లు ఆమె పక్కన కూర్చున్నాను కాబట్టి ఆమె కోపం గురించి చెప్పే హక్కు నాకు కొంచెం ఉంది.

ముక్కు మీద కోపమే. క్యాంటీనులో వరస తప్పి దూరినవాణ్ని భుజం పట్టుకుని చివరికి పంపేది. సెలవు కాగితం మీద గుమాస్తా తేదీ తప్పు వేస్తే, అతను మళ్లీ రాసిచ్చేదాకా అక్కడే నిలబడేది. వాళ్లాయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, నేను బావ అంటాను. "ప్రతి లిఫ్టుకీ బ్రేకు బిగిస్తాను గానీ, మీ అక్కకి ఎక్కడ బిగించాలో ఇన్నేళ్లయినా తెలీలేదు" అనేవాడు.

ఫోనులో మాత్రం వేరే మనిషి. హెడ్‌సెట్టు తగిలించుకుంటే గొంతు నిండు బిందెలా నిలకడగా ఉండేది. ఎక్కడ, ఏమైంది, ఊపిరి ఆడుతోందా. ఈ మూడు ప్రశ్నలు ఆమె అడిగితే ఏడుస్తున్నవాళ్లు కూడా ఏడుపు ఆపి జవాబు చెప్పేవాళ్లు. మేము వివరాలు టైపు చేస్తే, హాలుకు అటు చివర బండ్లు పంపేవాళ్ల బల్ల దగ్గరకు వెళ్తాయి. ఖాళీగా ఉన్న బండిని వాళ్లు పంపుతారు. ఖాళీగా లేకపోతే వివరాలు తెర మీద పసుపు రంగులో అలా ఉండిపోతాయి.

ఆ రోజు ఉదయం పదకొండు దాటిందేమో. కళ్లజోళ్ల దుకాణం నుంచి ఒకావిడ ఫోను చేసింది. భర్త గల్లాపెట్టె వెనక పడిపోయాడు, పలకడం లేదు, ఊపిరి లేదు. అక్క ఆవిణ్ని నేల మీద మోకాళ్లు వేయించింది. ఫోను స్పీకరులో పెట్టించి, రెండు చేతులూ ఛాతీ మధ్యలో పెట్టి ఎలా నొక్కాలో చెప్పింది. ఆ తర్వాత లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ముప్పై దాకా, మళ్లీ ఒకటి నుంచి. పక్కనున్న నాకు వినపడుతోంది. నా ఫోనులో ఎవరో పడిపోయిన పిల్లాడి చెయ్యి గురించి చెబుతున్నారు గానీ నా చెవి అటే ఉంది.

అక్క తెర మీద గడి పసుపు రంగులోనే ఉంది. బండ్లు ఒక్కటీ ఖాళీ లేవు. ఆవిడ మధ్యలో "వస్తున్నారా అండీ" అని అడిగినప్పుడల్లా అక్క "మీరు ఆపకండమ్మా, నొక్కుతూ ఉండండి" అనేది. వస్తున్నారని ఒక్కసారి కూడా అనలేదు. రానిదాన్ని వస్తోందని ఆమె చెప్పదు. పదమూడో నిమిషంలో ఒక బండి ఖాళీ అయి బయల్దేరింది. పందొమ్మిదో నిమిషంలో దుకాణం ముందు ఆగింది. ఆ మనిషి బతకలేదు.

మాకు ఇలాంటివి కొత్త కాదు. అక్క లేచి మొహం కడుక్కుని వచ్చి ఇంకో ఫోను ఎత్తింది. అసలు సంగతి తర్వాత మొదలైంది.

కళ్లజోళ్ల దుకాణం ఆవిడ పై ఆఫీసుకు ఫిర్యాదు రాసింది. విచారణ పేరుతో మా మేనేజరు ఒక కాగితం తెచ్చి ఆ పూట డ్యూటీలో ఉన్నవాళ్లందరి చేతా సంతకాలు తీసుకున్నాడు. "ఆంబులెన్సు ఆరు నిమిషాల్లో చేరింది. నిర్ణీత గడువు ఎనిమిది నిమిషాలు. స్పందనలో జాప్యం లేదు" అని అందులో ఉంది. నేను చదివాను. పందొమ్మిది నిమిషాలూ పక్కన కూర్చుని విన్నవాణ్ని. బండి బయల్దేరాక ఆరు నిమిషాలే కదా పట్టింది, అబద్ధమేం కాదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకుని సంతకం పెట్టాను. అక్క పెట్టలేదు. కాగితం అడుగున "బండి కేటాయించేసరికే పదమూడు నిమిషాలైంది" అని రాసి, దాని కింద సంతకం పెట్టింది. మేనేజరు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు అక్క పేరు లేని కొత్త కాగితం వచ్చింది. దాని మీదా నేను సంతకం పెట్టాను.

మూడు వారాల తర్వాత ఆవిడే వచ్చింది. జవాబు ఉత్తరం చేత్తో పట్టుకుని వరండాలో నిలబడి, ఆ రోజు తనతో మాట్లాడినామెను చూడాలంది. ఫోను చేసినవాళ్లతో మేము బయట మాట్లాడకూడదని రూలు. కానీ అక్క అప్పుడే మంచినీళ్లకు బయటికెళ్లింది, ఆవిడ గొంతు విని గుర్తుపట్టింది. ఆవిడా అంతే.

"మీరు నాతో పందొమ్మిది నిమిషాలు మాట్లాడారు. నా ఫోనులో ఉంది" అందావిడ. "ఇందులో ఆరని రాశారు. నేను చదువుకోనిదాన్ని కాదండీ. ఏది నిజమో చెప్పండి చాలు."

అక్క నోరు తెరిచేలోపే మేనేజరు వచ్చి, ఆవిణ్ని మర్యాదగా మెట్ల దాకా సాగనంపాడు. అక్క లోపలికొచ్చి కూర్చుంది. హెడ్‌సెట్టు తగిలించుకోలేదు. అది దుఃఖం కాదని నాకు తెలుసు.

ఆ రోజే ఆమె రూలు పుస్తకం తెరిచింది. స్పందన సమయం అంటే ఏమిటో నలభై రెండో పేజీలో ఒక్క వాక్యం ఉంది: బండిని కేటాయించిన క్షణం నుంచి బండి చేరిన క్షణం వరకు. అంతే. ఫోను మోగిన క్షణం ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. బండి దొరికేదాకా మనిషి గంటసేపు నేల మీద పడి ఉన్నా ఆ గంట లెక్కలోకి రాదు. ఊరంతా గోడల మీద అంటించిన "సగటున ఏడు నిమిషాల్లో మీ చెంతకు" అన్న బోర్డులన్నీ ఆ వాక్యం చలవే.

పుస్తకం తీసుకుని మేనేజరు గదికి వెళ్లింది. ఆయన పూర్తిగా వినకుండానే, అది పాలసీ అన్నాడు. పాలసీ పైవాళ్లు చేస్తారు, మన పని ఫోనెత్తడం అన్నాడు. ఆ "మన పని" అన్న మాట ఆమెకు ముల్లులా దిగింది. ఆ తర్వాత కొన్నాళ్లపాటు ఆ మాట తలచుకున్నప్పుడల్లా పళ్లు కొరికేది.

అప్పటి నుంచి ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుంది. తాను ఎత్తిన ప్రతి ఫోనుకూ మూడు సమయాలు: ఫోను మోగింది ఎప్పుడు, బండి కేటాయించింది ఎప్పుడు, చేరింది ఎప్పుడు. పేర్లు లేవు, చిరునామాలు లేవు. హాల్లో అందరూ ఆమెను టైమక్క అనడం మొదలుపెట్టారు. ఆమె నవ్వలేదు. మూడు నెలలు రాసి, నాలుగు పేజీల నివేదిక చేసి పైకి పంపింది. నూటికి ఇరవై మూడు మందికి ఎనిమిది నిమిషాల్లో బండి కేటాయించడమే జరగడం లేదని అందులో తేల్చింది. బదులుగా మెమో వచ్చింది. కాల్స్ వివరాలు సొంత పుస్తకంలో రాసుకోవడం నిబంధనలకు విరుద్ధం, సంజాయిషీ ఇవ్వాలి. మేనేజరు నోటుబుక్కు తీసేసుకున్నాడు.

సంజాయిషీ ఇచ్చిన సాయంత్రమే ఆమె డ్యూటీ దిగి నేరుగా కళ్లజోళ్ల దుకాణానికి వెళ్లింది. రూలు సంగతి ఆమెకు తెలియక కాదు. "పందొమ్మిదే నిజమండీ, లెక్కపెట్టింది నేనే" అని చెప్పిందట. ఆవిడ ఏడవలేదట. అద్దాలు తుడుస్తున్న గుడ్డ బల్ల మీద పెట్టి, ఆ జవాబు ఉత్తరం నకలు తీసి అక్క చేతికిచ్చిందట. ఎక్కడ అవసరమైతే అక్కడ వాడుకోండి అందట.

ఎక్కడ వాడాలో అక్కకు అప్పటికి తెలియదు. పేపర్లో ఒక ప్రకటన చూసి తెలుసుకుంది. పబ్లిక్ పాలసీలో రెండేళ్ల ఎమ్మే, పదేళ్లు ఉద్యోగం చేసినవాళ్లకు ప్రత్యేకం. పాలసీ పైవాళ్లు చేస్తారన్నాడు కదా, ఆ పైవాళ్లు ఎక్కడ తయారవుతారో చూస్తానంది. నలభై రెండేళ్లు అప్పుడామెకు. ఆఫీసులో నవ్వులాట అయింది. ఇంట్లో బావ మాత్రం నవ్వకుండా, చదువుకొచ్చినా మళ్లీ ఆ కుర్చీలోనే కూర్చోబెడతారు కదా అన్నాడు. అక్క నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఐదో రోజు బావ సెలవు పెట్టి, ఆమె చదివిన కాలేజీకి వెళ్లాడు. ఆ కాలేజీ ఎప్పుడో ఇంకో కాలేజీలో కలిసిపోయింది. పాత రికార్డుల గది తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. మూడు రోజులు తిరిగి, దుమ్ము కొట్టుకుపోయి, దరఖాస్తుకు కావలసిన ఆమె డిగ్రీ మార్కుల జాబితా తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆయన మాటతో ఒప్పుకునే మనిషి కాదు, కాళ్లతో ఒప్పుకుంటాడు.

ఈ చదువు ఎందుకు కావాలో ఎనిమిది వందల మాటల్లో రాయాలి. అక్క పదకొండు పేజీలు రాసింది. డిగ్రీ చదువుతున్న కూతురు పెన్సిలు పట్టుకుని కూర్చుంది. "అమ్మా, సిగ్గులేని అన్న మాట ఇందులో ఏడుసార్లుంది" అంది. అక్క ఆరు కొట్టేసి ఒకటి ఉంచింది. కూతురు ఎంత బతిమాలినా ఆ ఒక్కటీ తీయలేదు. పాత విద్యార్థులు రాసినవి తెచ్చి చదివి, ఇందులో ఎవరికీ ఒళ్లు మండినట్టే లేదేమిటి అని వాటి మీదా కోప్పడింది.

రెండు సిఫారసు ఉత్తరాలు కావాలి. ఒకటి పై అధికారి నుంచి. మేనేజరు ఇస్తానన్నాడు, నేరుగా కాలేజీకే పంపాడు, ఆమెకు చూపించలేదు. రెండోది పనిని దగ్గర నుంచి చూసినవాళ్లెవరైనా ఇవ్వచ్చు. నన్నడిగింది.

నేను నీళ్లు నమిలాను. రేపన్నాను, ఆదివారమన్నాను, ఇంగ్లీషు సరిగా రాదన్నాను. నాకు ప్రమోషను జాబితా రాబోతోంది. ఉత్తరంలో మెమో సంగతి వస్తే నా పేరూ దానికి అంటుకుంటుందని భయం. వారం చూసింది. ఆ తర్వాత టీ గదిలో నన్ను నిలబెట్టేసింది. గొంతు పెంచలేదు. అదే నాకు ఎక్కువ తగిలింది.

"నా గురించి మంచిగా రాయమని నేనడగలేదు తమ్ముడూ" అంది. "ఆ రోజు నువ్వు విన్నది రాయి. విన్నావా లేదా?"

"విన్నానక్కా."

"మరి రెండు సంతకాలెట్లా పెట్టావు?"

ఇంటికెళ్లి ఆ పూటే రాశాను. పదకొండు గంటల నుంచి పందొమ్మిది నిమిషాలపాటు నా పక్క కుర్చీలో ఏం జరిగిందో, ముప్పై వరకు ఎన్నిసార్లు లెక్కపెట్టిందో, వస్తున్నారని ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదని. ఆ కాగితాల మీద నేను సంతకం పెట్టిన సంగతి కూడా రాశాను. చివర్లో ఏమని ముగించాలో తెలియక పేరు రాసి ఊరుకున్నాను.

ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. లోపల ముగ్గురట. ఇద్దరు ప్రొఫెసర్లు, మూడో ఆయన రిటైరైన పెద్దాఫీసరు, తెల్లజుట్టు. ప్రొఫెసర్లు చదువు గురించి, లెక్కల గురించి అడిగారు. పెద్దాయన అంతసేపూ కాగితాలు తిప్పుతూ ఉండి, ఆఖర్న మేనేజరు ఉత్తరం తీశాడట. "కష్టపడే ఉద్యోగి, అయితే ఆవేశపరురాలు, పరిస్థితులను వ్యక్తిగతంగా తీసుకుంటారు" అని పైకి చదివి, దీనికేమంటారని అడిగాడట.

అక్క నాకు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఆ ఉత్తరంలో అలా ఉందని ఆమెకు ఆ క్షణం దాకా తెలియదు.

"ఆవేశపరురాలినైతే ఆ రోజు లెక్క తప్పేదాన్ని సార్. తప్పలేదు. కోపం నాకు ఫోను పెట్టేశాక వచ్చింది, రూలు పుస్తకం నలభై రెండో పేజీ చదివాక వచ్చింది. రాకపోతే నన్ను ఈ చదువుకి తీసుకోకండి."

పెద్దాయన కళ్లజోడు తీశాడట. ఆ వాక్యం రాసిన కమిటీలో నేనూ ఉన్నానమ్మా అన్నాడట. ఆమెకు కోపం నెత్తికెక్కింది. ఆయన తొణక్కుండా విడమరిచి చెప్పాడు. ఫోను నుంచి లెక్కపెడితే బండ్లు నడిపే కాంట్రాక్టరు ఎవరూ ముందుకు రారు, బండ్లు ఎన్ని ఉండాలో నిర్ణయించేది కాంట్రాక్టరు కాదు, ప్రభుత్వం. తన చేతిలో లేని ఆలస్యానికి అతనికి జరిమానా వేయడం న్యాయం కాదు. అందుకని అలా రాశాం అన్నాడు.

అక్క ఇంటర్వ్యూ అన్న సంగతి మర్చిపోయిందట. "న్యాయమే సార్, కాంట్రాక్టరుకి. అతన్ని కొలవడానికి ఆ సమయం పెట్టుకోండి. జనానికి మాత్రం ఆ అంకె ఎందుకు చూపించారు? ఫోను నుంచి ఇంకో అంకె పెడితే మన దగ్గర ఎన్ని బండ్లు తక్కువున్నాయో తెలిసిపోయేది. తెలిస్తే కొనాల్సొచ్చేది. ఒకరికి న్యాయం చేస్తూ మిమ్మల్ని మీరు దాచుకున్నారు."

పెద్దాయన, ఆ రోజు కమిటీలో ఈ మాట ఎవరూ అనలేదు అన్నాడట. "ఫోనెత్తేవాళ్లని ఒక్కరినైనా పిలిచారా?" అని అక్క అడిగింది. పిలవలేదన్నాడు. బయటికొచ్చి, సీటు పోయినట్టే అనుకుని, బస్సు కోసం ఆగకుండా ఇంటి దాకా కోపంగా నడిచింది.

సీటొచ్చింది. సెలవు మాత్రం రాలేదు. మీ విధులకు సంబంధం లేని చదువు అని మేనేజరు కొట్టేశాడు. ఆ రోజు ఆయన గది తలుపు తెరిచే ఉంది, హాలంతా విన్నాం. నోటుబుక్కు రాస్తే నా పని కాదన్నారు, ఆ పని నేర్చుకుంటానంటే నా పనికి సంబంధం లేదంటున్నారు, అసలు నా పనేమిటో కాగితం మీద రాసివ్వండి అని అడిగింది. ఆయన రాసివ్వలేదు. పై ఆఫీసుకు అప్పీలు పెట్టింది. తరగతులు రెండు రోజుల్లో మొదలవుతాయనగా, జీతం లేని సెలవు ఒక్క ఏడాదికి ఇచ్చారు.

ఆ ఏడాది తేలికగా గడవలేదు. క్లాసులో సగం మంది ఆమె కంటే పదేళ్లు చిన్నవాళ్లు. మొదటి వ్యాసం మీద ప్రొఫెసరు, వాదన బాగుంది, స్వరం తగ్గించండి అని రాశాడు. వెళ్లి పోట్లాడింది. ఏ వాక్యానికి ఆధారం లేదో చూపించమంది. మూడు వాక్యాలకు లేదని ఆయన చూపించాడు. ఆ మూడూ నిజంగానే ఆమె కసిగా విసిరిన మాటలు. ఇంటికొచ్చి వాటిని కొట్టేస్తూ ఆయన్ని తిట్టుకుంది గానీ, తర్వాత నుంచి ఆధారం లేని వాక్యం ఆమె కలం నుంచి రాలేదు.

ఏడాది తిరిగింది. సెలవు పొడిగించలేదు. ఆమె రాజీనామా తెచ్చింది. పదిహేడేళ్ల ఉద్యోగం. వ్యక్తిగత కారణాల వల్ల అని రాయండి, త్వరగా తెమిలిపోతుందని మేనేజరు సలహా ఇచ్చాడు.

"ఇందులో నా వ్యక్తిగతం ఏముందండీ?" అంది అక్క.

కారణం పూర్తిగా రాసింది. ఫారంలో గడి సరిపోలేదని రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి అదే కారణం, ఇంకా చిన్న అక్షరాలతో రాసి ఇచ్చింది. తీసుకున్నారు.

ఈ మధ్యలో కాంట్రాక్టు గడువు ముగిసి, కొత్త ముసాయిదా బయటపెట్టి అభిప్రాయాలు అడిగారు. అక్క తొమ్మిది పేజీలు పంపింది, బహిరంగ సమావేశానికి వెళ్లి మాట్లాడింది. తెల్లజుట్టు పెద్దాయన కూడా ఒక ఉత్తరం రాశాడని తర్వాత తెలిసింది. ఏం రాశాడో మాకు తెలియదు. కొత్త నిబంధనల్లో ఒక మార్పు వచ్చింది. ఫోను మోగిన సమయం నుంచి కూడా లెక్కపెడతారు. పోయిన నెల నుంచి మా తెరల మీద దానికో గడి ఉంది. మొదటి రోజు ఆ గడిలో అంకెలు కదులుతుంటే పక్కవాళ్ల తెరలు కూడా తొంగిచూశాం.

నేను సంతోషంగా ఫోను చేశాను. అక్క మండిపడింది. నిబంధన కింద ఉన్న చిన్న వాక్యం చదివావా అంది. నేను చదవలేదు. ఆ అంకె అంతర్గత సమీక్షకు మాత్రమే, ప్రకటించరాదు. గోడల మీద బోర్డులు అలాగే ఉన్నాయి. "లోపల చూసుకోడానికట. చచ్చేవాళ్లు బయట కదా ఉంటారు" అంది. నాకు ప్రమోషను వచ్చిన సంగతి ఆ రోజు చెప్పలేకపోయాను.

చదువు పూర్తవడానికి ఇంకా నాలుగు నెలలుంది. ఆమె రాస్తున్న పెద్ద వ్యాసం ఆ చిన్న వాక్యం మీదే: ఎవరు చేర్చారు, ఏ సమావేశంలో, ఏం కారణం చెప్పి. మొన్న ఆదివారం వాళ్లింట్లో కొన్ని పేజీలు నాకు చదివి వినిపించింది. ఒక్క తిట్టు లేదు. ప్రతి వాక్యం కిందా ఆధారం ఉంది. వింటుంటే నాకే చెమటలు పట్టాయి.